ఎక్కువ తిరిగిన కారు ఇంజిన్ లోపల దెబ్బతింటే: బాగు చేయించాలా, వదిలేయాలా?

లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన కారు ఇంజిన్ లోపల ఏదో విరిగిందనో, పట్టేసిందనో తెలిసిన రోజున యజమానికి రెండే సలహాలు వినిపిస్తాయి. ఇంజిన్ దింపి మొత్తం చేయించేయమని కొందరు, తుక్కుకు ఇచ్చేసి చేతులు దులుపుకోమని కొందరు చెబుతారు. రెండింట్లో ఏదైనా సరైనదే కావచ్చు గానీ, లోపల ఏది పోయిందో, ఎందుకు పోయిందో, మిగిలిన కారు ఏ స్థితిలో ఉందో తెలియకుండా రెండూ తొందరపాటే. విప్పకుండా తెలుసుకోగలిగినవన్నీ ముందు తెలుసుకోవాలి. ఖర్చు ఏ గీత దాటితే పని ఆపేయాలో ఇంజిన్ విప్పకముందే నిర్ణయించుకోవాలి. హెడ్ (సిలిండర్లకు పైన మూతలా ఉండే భాగం) దింపి, విడిభాగాలన్నీ బల్ల మీద పరిచిన తర్వాత “ఇంత దూరం వచ్చాం కదా” అన్న మాట మనిషిని ముందుకు తోస్తుంది, లెక్క వెనకబడిపోతుంది.

ముందు ఇంజిన్ ఆపాలి

నడుస్తున్న కారులో ఆయిల్ ప్రెషర్ దీపం వెలిగినా, ఇంజిన్ వేగంతో పాటు పెరిగే లోహపు కొట్టుడు శబ్దం మొదలైనా, వేడి సూచిక పైకి పోయినా, సురక్షితమైన చోట పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. రాడ్డు (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ) బేరింగు వదులైన తొలి దశలోనే ఆపితే క్రాంకును (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసును) గ్రైండింగ్ చేయించి కొత్త బేరింగులు వేసుకునే అవకాశం ఉంటుంది. అదే శబ్దంతో ఇల్లు చేరాలని నడిపితే రాడ్డు విరిగి బ్లాకు (సిలిండర్లుండే ప్రధాన దిమ్మె) గోడను చీల్చుకుని బయటకు రావచ్చు. అప్పుడిక నిర్ణయించడానికి పెద్దగా ఏమీ మిగలదు. శబ్దం తగ్గుతుందని చిక్కటి ఆయిల్ పోయడం, చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరి కోసం మళ్లీ మళ్లీ స్టార్ట్ చేసి వినిపించడం కూడా నష్టాన్ని పెంచే పనులే. కారును షెడ్డుకు లాగించుకుని తీసుకెళ్లడానికయ్యే ఖర్చు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తక్కువది, అన్నిటికంటే ఎక్కువ కాపాడేది.

అలాగని ప్రతి భయంకరమైన లక్షణమూ ఇంజిన్ లోపలి దెబ్బ కాదు. ఆయిల్ ప్రెషర్ దీపం సెన్సార్ పాడైనా వెలుగుతుంది. సెన్సార్ తీసి అక్కడ మెకానికల్ గేజి బిగించి చూస్తే నిజం తెలిసిపోతుంది. ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్న కార్లలో ఇంజిన్‌కూ గేరుబాక్సుకూ నడుమ ఉండే ఫ్లెక్స్ ప్లేటు పగిలితే అచ్చం రాడ్డు బేరింగు పోయినట్టే కొట్టుకుంటుంది. ఆల్టర్నేటర్, వాటర్ పంపు బేరింగులు కూడా ఇలాంటి శబ్దాలే చేస్తాయి. వాటిని తిప్పే పై బెల్టును తీసి, కొద్ది సెకన్లు మాత్రం నడిపి వింటే ఆ సంగతి తేలుతుంది. ఆయిల్ మూత కింద తెల్లటి మీగడలాంటి పదార్థం కనిపించగానే హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే పలుచని సీలు) పోయిందని నిర్ధారించడమూ పొరపాటే. చలి రోజుల్లో తక్కువ దూరాలు తిరిగే కారులో ఇంజిన్ లోపల చేరే తేమ వల్ల కూడా అది ఏర్పడుతుంది. ఇంజిన్ దింపాలని ఎవరైనా చెబితే, ఇలాంటివన్నీ తోసిపుచ్చారా అని మొదట అడగండి.

విప్పకుండా తెలుసుకోవలసినవి

అన్నిటికంటే ముందు ఆయిల్ ఫిల్టరును కోసి చూడాలి. రంపంతో కోస్తే ఆ రంపపు పొడి లోపల పడి తప్పుదారి పట్టిస్తుంది కనుక ఫిల్టర్ కట్టర్‌తోనే కోయించండి. లోపలి కాగితపు మడతలను విడదీసి, ఆయిల్ పిండేసి, ఎండలోనో ప్రకాశవంతమైన దీపం కిందనో అటూ ఇటూ వంచి చూడండి. మడతల మధ్య రాగి రంగు మెరుపు కనిపిస్తే బేరింగు పైపొర అరిగి లోపలి పొర బయటపడిందని అర్థం. అయస్కాంతానికి అంటుకునే రజను ఉక్కు లేదా ఇనుప భాగాలది. అంటే క్రాంకు, క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు), పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, సిలిండర్ గోడల వైపు చూడాలి. అయస్కాంతానికి అంటని వెండి రంగు పొరలు పిస్టన్‌వి కావచ్చు, అల్యూమినియం బేరింగులవీ కావచ్చు. ఈ కాలపు ఇంజిన్లలో చాలావాటికి అల్యూమినియం బేరింగులే ఉంటాయి కనుక రాగి రంగు కనిపించలేదన్న ఒక్క కారణంతో బేరింగులు బాగున్నాయని అనుకోకూడదు. అతి సన్నని బూడిద రంగు మడ్డి మాత్రమే ఉంటే అది చాలావరకు మామూలు అరుగుదలే. తీసిన ఆయిల్ అడుగున ఏం పేరుకుందో కూడా చూడాలి.

తర్వాతది కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో కొలవడం. ఇంజిన్ నడపగలిగే స్థితిలో ఉంటే వెచ్చగా ఉన్నప్పుడు, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, బ్యాటరీ నిండుగా ఉండగా చేయాలి. బాగున్న పెట్రోలు ఇంజిన్లలో సాధారణంగా 10 నుంచి 14 బార్ వరకు వస్తుంది. డీజిల్ ఇంజిన్లలో ఇది రెట్టింపును దాటుతుంది కాబట్టి దానికి వేరే గేజి కావాలి. అసలు అంకె ఎంత ఉండాలో ఆ ఇంజిన్ సర్వీసు మాన్యువల్ చూసుకోవాలి గానీ, సిలిండర్ల మధ్య తేడా అంతకంటే ముఖ్యం. అన్నిటికంటే తక్కువ వచ్చిన సిలిండర్ అన్నిటికంటే ఎక్కువ వచ్చినదానిలో 75 శాతానికి తగ్గితే లోపల ఏదో ఉందని మెకానిక్‌లు లెక్క వేస్తారు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులో, సిలిండర్ గోడో అరిగింది. పెరగకపోతే వాల్వుల వైపు లోపం. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే వాటి నడుమ హెడ్ గ్యాస్కెట్ కాలిపోయి ఉండే అవకాశం ఎక్కువ.

లీక్‌డౌన్ పరీక్ష ఇంకా నమ్మకమైనది. పిస్టన్‌ను కంప్రెషన్ దశలో పై అంచుకు తెచ్చి, ప్లగ్గు రంధ్రం గుండా గాలి ఒత్తిడి పెట్టి, ఎంత శాతం తప్పించుకుంటోందో కొలుస్తారు. 10 శాతం లోపు ఉంటే ఎక్కువ తిరిగిన ఇంజిన్‌కు అది మంచి ఫలితం. 20 శాతం దాటితే అరుగుదల కనిపిస్తున్నట్టు. 30 దాటితే పని పడినట్టే. అంకె కంటే విలువైన సమాచారం ఆ గాలి ఎక్కడినుంచి వస్తోందన్నది. ఆయిల్ పోసే మూత తీసి చెవి పెడితే బుస్సుమని వినిపిస్తే గాలి రింగులను దాటుతోంది. సైలెన్సర్ దగ్గర వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి పీల్చే గొట్టం దగ్గర వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు సరిగా మూసుకోవడం లేదు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నమాట, లేదా హెడ్‌లోనో బ్లాకులోనో పగులు ఉందన్నమాట. ఈ పరీక్ష జరిగేటప్పుడు మీరు దగ్గరే ఉండి మీ చెవులతో వినడం మంచిది, ఎందుకంటే తర్వాత వచ్చే ఖర్చు మాటలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

వీటికి తోడు ప్లగ్గు రంధ్రం గుండా చిన్న కెమెరా పంపి పిస్టన్ పైభాగాన్ని, సిలిండర్ గోడలను చూడవచ్చు. నిలువు గీతలు, పిస్టన్ మీద వాల్వు తగిలిన అర్ధచంద్రాకారపు గుర్తులు స్పష్టంగా కనిపిస్తాయి. కూలెంట్‌లోకి పొగ చేరుతోందా అన్నది రేడియేటర్ మీద పెట్టే రసాయన పరీక్షతో తేలుతుంది. నీలం ద్రవం పసుపు రంగుకు మారితే చేరుతున్నట్టే. ఇన్ని పరీక్షలూ కలిపినా ఇంజిన్ విప్పే కూలిలో చిన్న భాగమే అవుతాయి.

ఎందుకు పోయిందో తేలకపోతే పని మొదలుపెట్టకూడదు

ఏది పోయిందన్నది సగం ప్రశ్నే. బేరింగు పోయిందంటే దానికి ఆయిల్ అందలేదు, లేదా అందిన ఆయిల్ పాడైంది. ఆయిల్ మట్టం పడిపోయిందా, మార్పిడి ఆలస్యమై గడ్డకట్టిన మడ్డి చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోని ఆయిల్ పీల్చే జల్లెడను మూసేసిందా, పంపు అరిగిందా, ఇంజెక్టర్ కారి పెట్రోలు ఆయిల్‌లో కలిసి పలచబడిందా, కూలెంట్ కలిసిందా? పిస్టన్ కరిగితే ఆ సిలిండర్ ఇంజెక్టర్‌ను పరీక్షించకుండా కొత్త పిస్టన్ వేయడం వృథా. హెడ్ వంగితే వేడెక్కడానికి కారణం రేడియేటరా, ఫ్యానా, థర్మోస్టాటా, వాటర్ పంపా అన్నది తేలాలి. కారణం అలాగే ఉండిపోతే ఎంత మంచి ఇంజిన్ వేసినా అదే దారిన పోతుంది, ఎక్కువ తిరిగిన కార్లలో రెండోసారి నష్టపోయేది చాలావరకు ఇక్కడే.

ఏది పోతే ఎంత దూరం వెళ్లవచ్చు

హెడ్ గ్యాస్కెట్ ఒక్కటే పోయి, కారు వేడెక్కిన వెంటనే ఆపి ఉంటే, ఎక్కువ తిరిగిన ఇంజిన్‌నైనా బాగు చేయించడం తరచు సబబే. హెడ్ దింపిన తర్వాత దాన్ని సమతలపు బద్దతో, ఫీలర్ గేజితో కొలవాలి. చాలా ఇంజిన్లకు అనుమతించే వంపు 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్లే. అంతకు మించితే ఫేసింగ్ (ఉపరితలాన్ని చదునుగా చెక్కడం) చేయించాలి, పగులు ఉందేమోనని ప్రెషర్ పరీక్ష కూడా చేయించాలి. ఈ రెండూ లేకుండా గ్యాస్కెట్ మార్చి బిగించే పనికి ఒప్పుకోవద్దు. బిగించేటప్పుడు సాగే రకం హెడ్ బోల్టులను మళ్లీ వాడకూడదు. కూలెంట్ ఆయిల్‌లో కలిసిన తర్వాత కూడా కారు నడిచి ఉంటే లెక్క మారుతుంది, ఎందుకంటే ఆ మిశ్రమం బేరింగులను తినేస్తుంది. హెడ్ పని బాగా కుదిరి, కొద్ది నెలలకే కింద బేరింగులు పోతే మొదటి ఖర్చంతా పోయినట్టే. అందుకే చాంబర్ దింపి కనీసం ఒకటి రెండు బేరింగులు విప్పి చూడమని అడగండి.

టైమింగ్ బెల్టు (క్రాంకుతో పాటు క్యామ్‌ను తిప్పేది) తెగితే ఆ ఇంజిన్‌లో వాల్వులకూ పిస్టన్లకూ దారి ఒకటేనా, కాదా అన్నది మొదటి ప్రశ్న. ఒకటే అయితే వాల్వులు వంగడం దాదాపు ఖాయం. తక్కువ వేగంలో తెగితే తరచు వాల్వుల మార్పిడితో సరిపోతుంది. ఎక్కువ వేగంలో తెగితే వాల్వు తల విరిగి పిస్టన్‌నూ హెడ్‌నూ చితక్కొట్టి ఉండవచ్చు. కొత్త బెల్టు వేసి చూద్దామన్న ప్రయత్నం కంటే ముందు కెమెరాతో చూడటం మేలు. చిక్కేమిటంటే, ఎక్కువ తిరిగిన ఇంజిన్‌లో వాల్వులన్నీ కొత్తగా బిగిసి కూర్చున్నాక, అరిగిన రింగుల మీద ఒత్తిడి పెరిగి ఇంజిన్ ఆయిల్ తాగడం ఎక్కువ కావచ్చు. కనుక పై పనికి, అంటే హెడ్ పనికి, ముందే రింగుల స్థితి లీక్‌డౌన్ పరీక్షలో తెలిసి ఉండాలి.

బేరింగు శబ్దం అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది. క్రాంకుకూ బేరింగుకూ మధ్య ఆయిల్ ఉండే ఖాళీ మామూలుగా మిల్లీమీటరులో వందో వంతులు రెండు మూడు నుంచి ఆరు వరకే ఉంటుంది; దానిలోకి లోహపు రజను చేరిందంటే అది ఒక్క రాడ్డు దగ్గర ఆగదు. పోయిన ఒక్క బేరింగును మార్చి ఇంజిన్ మూసేయడం డబ్బు తగలేయడమే. క్రాంకును కొలిచి గ్రైండింగ్ చేయించాలి, బ్లాకులోని ఆయిల్ దారులన్నీ మూతలు విప్పి కడగాలి, ఆయిల్ కూలర్‌ను కడగడం కాక మార్చాలి, టర్బో ఉంటే దాన్ని విప్పి చూడాలి, ఆయిల్ పంపు కొత్తది వేయాలి. వీటిలో ఏ ఒక్కటి వదిలేసినా మిగిలిన రజను కొత్త బేరింగులను మళ్లీ తినేస్తుంది. ఇదంతా చేయించే స్తోమత లేకపోతే అసలు మొదలుపెట్టకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

నీళ్లలో వెళ్లి ఇంజిన్ నీరు మింగితే మరో జాగ్రత్త అవసరం. ప్లగ్గులు తీసి నీళ్లు బయటకు కొట్టించాక ఇంజిన్ మామూలుగానే నడవవచ్చు, కానీ రాడ్డు కొద్దిగా వంగి ఉంటే పిస్టన్ పూర్తి ఎత్తుకు రాదు, ఆ సిలిండర్ కంప్రెషన్ తగ్గుతుంది, కొన్నాళ్ల తర్వాత రాడ్డు విరుగుతుంది. కాబట్టి నడిచిందన్న సంతోషంలో పిస్టన్ల ఎత్తు కొలవడం మరవకూడదు. రింగులు, సిలిండర్లు అరిగి బోరుకు (సిలిండర్లను తొలిచి వెడల్పు చేసే పనికి) వచ్చిన ఇంజిన్ మాత్రం ఒక్కసారిగా చచ్చిపోదు కనుక యజమానికి ఆలోచించే సమయం ఇస్తుంది. ఆయిల్ మట్టం తరచు చూసుకుంటూ, పోస్తూ ఇంకొంత కాలం నడిపించడం కూడా ఒక నిర్ణయమే, కాకపోతే అది కాల్చే ఆయిల్ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుందని, పొగ పరీక్షలో తప్పవచ్చని గుర్తుంచుకోవాలి. బోరు చేయిస్తే 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లు దొరుకుతాయా, సిలిండర్ గోడలకు బోరుకు లొంగని ప్రత్యేకమైన పూత ఉందా అన్నవి ముందే కనుక్కోండి. బ్లాకు పగిలినా, రాడ్డు బయటకు వచ్చినా ఆ ఇంజిన్ సంగతి ముగిసినట్టే.

మిగతా కారు, మిగతా లెక్క

ఇంజిన్ ఎంత బాగా చేయించినా గేరుబాక్సు, క్లచ్, సస్పెన్షన్, ఏసీ కంప్రెసర్, వైరింగు అన్నీ అంతే దూరం తిరిగినవి. కారు కింద, తలుపుల అంచుల దగ్గర, సస్పెన్షన్ బిగించే చోట తుప్పు లోతుగా ఉంటే నేనైతే అక్కడితోనే ఆగిపోతాను. మిగతావన్నీ మార్చుకోవచ్చు గానీ కారు ఒంటిని మార్చలేం. వచ్చే రెండేళ్లలో తప్పకుండా పడే పనులన్నీ రాసి, వాటి ఖర్చును ఇంజిన్ ఖర్చుకు కలపండి.

లెక్క వేసేటప్పుడు చాలామంది మరమ్మతు ఖర్చును కారు విలువతో పోల్చి, అది సగం దాటితే వద్దని తేల్చేస్తారు. ఆ సూత్రం సులభమే గానీ సరిపోదు. ఇంజిన్ బాగుంటే మీ కారుకు మార్కెట్లో వచ్చే ధర 100 అనుకుందాం. ఇప్పుడున్న స్థితిలో అమ్మితే 25 వస్తుంది, ఇంజిన్ పనికి 55, మిగతా పనులకు 20 అవుతుంది. బాగు చేయిస్తే అమ్ముకునే అవకాశం వదులుకుంటున్నారు కనుక ఆ 25 కూడా ఖర్చే. అంటే మొత్తం 100. దీన్ని పోల్చవలసింది ఇంచుమించు ఇలాంటిదే మరో పాత కారు కొనడంతో. దాని ధర 100 మాత్రమే కాదు, బదిలీ ఖర్చులు, మనకు చరిత్ర తెలియని కారుకు మొదటి ఏడాది పడే పనులు కలిపి 115 దాకా పోవచ్చు. ఈ లెక్కలో బాగు చేయించడమే మేలు. ఇంజిన్ పని 55 కాక 90 అయితే మొత్తం 135 అవుతుంది, అప్పుడు వదిలేయడం మేలు. చివరగా వచ్చిన మొత్తాన్ని ఆ కారు నడుస్తుందని నిజాయితీగా నమ్మే నెలలతో భాగించండి. పై పని మాత్రమే చేయించిన ఇంజిన్‌కు 24 నెలలు, పూర్తిగా చేయించినదానికి 60 నెలలు అని వేసుకుంటే, మొదట చౌకగా కనిపించింది తరచు నెలకు ఎక్కువ పడుతుంది. ఇప్పటివరకు ఈ కారు మీద పెట్టిన డబ్బును మాత్రం ఈ లెక్కలోకి రానివ్వకండి; బాగు చేయించినా, వదిలేసినా అది తిరిగి రాదు.

మరో ఇంజిన్ వేయించాలనుకుంటే

మరో కారు నుంచి తీసిన ఇంజిన్ వేయించడం పూర్తి పని చేయించడం కంటే చౌక, త్వరగానూ అవుతుంది, కానీ దాని గతం మనకు తెలియదు. చెప్పిన కిలోమీటర్లను నమ్మడం కంటే, వేయకముందే కంప్రెషన్ పరీక్ష చేయించడం, ఆయిల్ మూత కింద మడ్డి ఉందేమో చూడటం, ఫిల్టర్ కోయించడం నమ్మదగిన పనులు. ఇంజిన్ కోడ్ అక్షరం కూడా తేడా లేకుండా సరిపోవాలి. ఒకే మోడల్‌లోనే సంవత్సరాన్ని బట్టి సెన్సార్లు, ఉద్గార పరికరాలు మారుతాయి. ఇంజిన్ ఇంకా నేల మీద ఉండగానే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, థర్మోస్టాట్, క్రాంకు వెనక ఆయిల్ సీలు మార్పించండి, తర్వాత వాటికోసం మళ్లీ విప్పితే కూలి ఎన్నో రెట్లు అవుతుంది. గ్యారంటీ ఇంజిన్‌కు మాత్రమేనా, దింపి ఎక్కించే కూలికి కూడానా అన్నది రాతలో ఉండాలి. రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజిన్ నంబరు ఉండే చోట్ల ఆ మార్పును నమోదు చేయించకపోతే అమ్మేటప్పుడు, బీమా కోరేటప్పుడు ఇబ్బంది వస్తుంది.

షెడ్డుతో ముందే తేల్చుకోవలసినవి

పనిని దశలుగా ఒప్పుకోండి. మొదటి దశ పరీక్షలు. రెండోది హెడ్, చాంబర్ విప్పి చూడటం. మూడోది కొలతల తర్వాతి అసలు పని. ఒక్కో దశ ఖర్చు వేరుగా రాయించుకుని, విప్పిన తర్వాత పని వద్దనుకుంటే ఎంత ఇవ్వాలో కూడా ముందే అడగండి. పైన వేసిన లెక్క నుంచి మీ గరిష్ఠ మొత్తం వస్తుంది. అందులో నాలుగో వంతును కనిపించని పనుల కోసం పక్కన పెట్టి, మిగిలినదానిలో అంచనా ఇమిడితేనే మూడో దశకు ఒప్పుకోండి. బోరింగ్ షాపు నుంచి సిలిండర్ల కొలతలు, క్రాంకు కొలతలు కాగితం మీద అడగండి. “అంతా బాగుంది” అన్న మాట చాలదు, అంకెలు కావాలి. మంచి పనివాళ్లు ఆ అడగడాన్ని తప్పుగా తీసుకోరు, పైగా సంతోషిస్తారు.

పని పూర్తయిన తర్వాత మొదటి 500 నుంచి 1000 కిలోమీటర్ల లోపు ఆయిల్, ఫిల్టర్ మార్పించాలి. కొత్త రింగులు సిలిండర్ గోడలకు కుదురుకోవాలంటే ఇంజిన్‌ను గంటల తరబడి నిలబెట్టి నడపకూడదు, ఒకే వేగంతో ఎక్కువసేపు పోనివ్వకూడదు, పూర్తి బరువుతో లాగించకూడదు. వేగాన్ని మారుస్తూ మామూలుగా నడపాలి.

లెక్క వదిలేయమని చెబితే, కారును విప్పకుండానే అమ్మండి. ఇంజిన్ తన చోట పూర్తిగా ఉన్న కారుకు, విడిభాగాలు డబ్బాల్లో పోసి ఇచ్చిన కారు కంటే ఎక్కువ ధర పలుకుతుంది. పరీక్షల కాగితాలు, సర్వీసు రికార్డులు కొనేవారికి చూపించి, లోపాన్ని దాచకుండా అమ్మకపు పత్రంలోనే రాయండి. కొత్త టైర్లు, బ్యాటరీ లాంటివి ఉంటే వాటిని విడిగా అమ్మితే లాభమా, కారుతో కలిపి ఇస్తే లాభమా అని రెండు ధరలూ అడిగి చూడండి.